మా సీసాలో సోంపు వాసన



మన గ్రూపులో కెమిస్ట్రీ చదివేవాళ్లు ఈమధ్య బాగానే పెరిగారు. ప్రాజెక్టులో రీడింగ్ పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే తప్పు మనదే అయ్యుంటుందని చాలామంది ముందే తల దించేసుకుంటున్నారు. మేమూ దించుకున్నాం. అందుకే మా ఎమ్మెస్సీ ప్రాజెక్టు సంగతి రాద్దామని చాన్నాళ్లుగా అనుకుంటున్నాం. మేం ముగ్గురం. ముగ్గురమూ ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లమే, ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు మీడియం చదివినవాళ్లమే. ఆరు నెలలు ఒకే బల్ల దగ్గర పనిచేశాం కాబట్టి ఎవరు ఏం చేశారో విడదీసి రాయడం లేదు. కాలేజీ పేరు, మనుషుల పేర్లు కూడా రాయం. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

టాపిక్ మేం ఎంచుకున్నది కాదు, చీటీల్లో వచ్చింది. ఒక నెమాటిక్ లిక్విడ్ క్రిస్టల్ తయారుచేసి దాని క్లియరింగ్ పాయింట్ కొలవాలి. చీటీ తీసిన రోజు ఆ మాటలకి అర్థం కూడా తెలీదు. మంచు కరిగితే నీళ్లు, నీళ్లు మరిగితే ఆవిరి, మధ్యలో ఇంకేం లేదు అని కదా మనకి ఆరో తరగతి నుంచీ చెప్పింది.

మధ్యలో ఉంది. 1888లో ప్రేగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరిల్ బెంజోయేట్‌ని వేడిచేసి చూస్తుంటే అది రెండుసార్లు కరిగింది. 145.5 డిగ్రీల దగ్గర గట్టి పదార్థం మసక ద్రవం అయింది. 178.5 డిగ్రీల దగ్గర ఆ మసక ద్రవం ఒక్కసారిగా తేటపడింది. ఆయనకి అర్థంకాక, వేడిచేస్తూ చూడగల పోలరైజింగ్ మైక్రోస్కోప్ ఉన్న ఓటో లేమాన్‌కి ఉత్తరం రాశాడు. లేమాన్ చూస్తే అది పారుతోంది, ద్రవమే. కానీ వెలుగుతో దాని వ్యవహారం మాత్రం స్ఫటికంలా ఉంది. రైనిట్జర్ దగ్గరున్నది నెమాటిక్‌కి దగ్గరి చుట్టం, అణువుల వరసలు మెలితిరిగి ఉండే రకం. మెలి లేని మామూలు రకాన్ని నెమాటిక్ అంటారు. మైక్రోస్కోప్ కింద దారపు పోగుల్లాంటి గీతలు కనపడతాయని, గ్రీకులో దారానికి ఉన్న మాట పట్టుకుని 1922లో జార్జ్ ఫ్రీడెల్ ఆ పేరు పెట్టాడు.

పుస్తకంలో ఇదంతా చదివినా మా బుర్రకి ఎక్కలేదు. ఎక్కింది వెదురు వల్ల. గోదావరి, శబరి ఒడ్డు ఊళ్లవాళ్లు ఊహించుకోండి. వెదురు తెప్ప కట్టు తెగి బొంగులు విడిపోయాయి. ఒక బొంగు ముందు, ఒకటి వెనక, దేని జాగా దానిది కాదు, జారుతూనే ఉంటాయి. కానీ అన్నీ దాదాపు ఒకే వాటంగా పొడుగ్గా ఉన్నాయి. మొదలు ఎటు, కొస ఎటు అన్నది మాత్రం లెక్కలేదు, సగం అటు, సగం ఇటు. నెమాటిక్‌లో అణువులు ఇలాగే ఉంటాయి. చోటుకి క్రమం లేదు, దిక్కుకి ఉంది. తేడా ఏంటంటే, నదిలో బొంగుల్ని వాటం చేసేది ప్రవాహం. ఇక్కడ ప్రవాహం అక్కర్లేదు, పక్కన ఉన్న అణువులే ఒకదాన్నొకటి వాటం చేసుకుంటాయి. లారీలో వరసలు వరసలుగా పేర్చిన బొంగులైతే అది స్మెక్టిక్ అనే ఇంకో రకం, దాని జోలికి ఇప్పుడు పోం.

దీనికో అంకె కూడా ఉంది, ఆర్డర్ పారామీటర్ అంటారు. అన్ని అణువులూ కచ్చితంగా ఒకే దిక్కుకి ఉంటే 1, ఎటు పడితే అటు ఉంటే 0. నెమాటిక్‌లో మామూలుగా 0.3 నుంచి 0.8 మధ్య ఉంటుంది. వేడిచేసేకొద్దీ తగ్గుతూ వచ్చి, ఒక వేడి దగ్గర హఠాత్తుగా సున్నాకి పడిపోతుంది. ఆ వేడే క్లియరింగ్ పాయింట్. దానికి కింద ద్రవం బియ్యం కడిగిన నీళ్లలా మసగ్గా ఉంటుంది, ఎందుకంటే అణువుల దిక్కు చోటుచోటుకీ, క్షణక్షణానికీ కాస్త ఊగుతూ వెలుగుని చెదరగొడుతుంది. దాటితే నూనెలా తేట.

మేం తయారుచేయాల్సింది ఎంబీబీఏ. 1969లో కెల్కర్, షొయెర్లె అనే జర్మన్ శాస్త్రవేత్తలు ప్రకటించిన పదార్థం. అంతకుముందు తెలిసిన నెమాటిక్‌లలో చాలావాటికి వంద డిగ్రీలు దాటిన వేడి కావాల్సొచ్చేది. ఉదాహరణకి పారా అజాక్సీ అనిసోల్ 118 దగ్గర కరిగి 135 దగ్గర తేటపడుతుంది. ఎంబీబీఏ అయితే దాదాపు 21 డిగ్రీల నుంచి 45 చుట్టుపక్కల వరకు నెమాటిక్. మామూలు గది వేడిలో సీసాలో పోసి కళ్లతో చూడొచ్చు.

తయారీ వినడానికి చాలా తేలిక. బీఎస్సీలోనే చదివిన షిఫ్ బేస్ చర్య. అనిసాల్డిహైడ్ 2.72 గ్రాములు, బ్యూటైల్ అనిలిన్ 2.98 గ్రాములు, అంటే ఒక్కోటి 0.02 మోల్. టోలుయిన్‌లో వేసి డీన్ స్టార్క్ గొట్టం తగిలించి మరిగించాలి. ఆల్డిహైడ్, అమీన్ కలిసి నీళ్లు వదిలేసి మధ్యలో కార్బన్, నైట్రోజన్ మధ్య డబుల్ బాండ్ కట్టుకుంటాయి. ఆ నీళ్లు గొట్టంలో అడుక్కి దిగుతాయి. లెక్క ప్రకారం 0.36 మిల్లీలీటర్లు రావాలి. ఒక్కో చుక్కా దిగుతుంటే మేం ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. అలా రెండు పొట్టి ముక్కలు అతుక్కుని ఒక పొడుగు బొంగు అయింది. రెండు బెంజీన్ రింగులు గట్టి నడుం, మధ్యలో ఆ ఇమీన్ బంధం, ఒక కొసన మెథాక్సీ, రెండో కొసన నాలుగు కార్బన్ల తోక. తోక వంగుతూ ఉంటుంది కాబట్టి గట్టిగా పేర్చుకోనివ్వదు, అందుకే తక్కువ వేడికే కరుగుతుంది. నడుం గట్టిది కాబట్టి కరిగాక కూడా వాటం పోదు.

టోలుయిన్ తీసేసి, తక్కువ ఒత్తిడిలో డిస్టిల్ చేశాక పసుప్పచ్చ మసక ద్రవం వచ్చింది. గాజు పలకల మధ్య చుక్క వేసి వేడిచేస్తే 43 డిగ్రీల దగ్గర తేట. చల్లార్చితే మళ్లీ మసక. ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు. ఆ సాయంత్రం హాస్టల్లో మా అంత సంతోషంగా ఇంకెవరూ లేరు.

అది జులై నెల. పది రోజుల తర్వాత ప్రోగ్రెస్ చూపించాల్సిన రోజు. సార్ ముందు చుక్క వేసి వేడిచేశాం. 39 దగ్గర మొదలై 41 దాకా కొంత మసక, కొంత తేట. సూటిగా ఒక్కచోట మారాల్సింది రెండు డిగ్రీలు సాగింది. రికార్డులో 43 అని ఉంది. ఇంకో వారానికి 36 నుంచి 39.

అప్పుడు ఒక పెద్దాయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "గ్లాస్‌వేర్ సరిగ్గా కడగరు, మొదటి రీడింగ్ ఎక్కడో చూసి రాసేస్తారు. స్కాలర్‌షిప్ మీద వచ్చేవాళ్లకి కెమికల్ విలువ ఏం తెలుస్తుందయ్యా?" ల్యాబ్‌లో ఇరవై మంది ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నిజం చెప్పాలంటే మాకు కోపం రాలేదు. నమ్మేశాం. కడిగిన ఫ్లాస్కులు మళ్లీ కడిగాం, ఎసిటోన్‌తో కడిగాం, ఓవెన్‌లో పెట్టాం. రాత్రి ఒకరినొకరు అడుక్కున్నాం, ఆ రోజు బీకర్ ఎవరు కడిగారు, థర్మామీటర్ ఎవరు పట్టుకున్నారు అని. మా మధ్య మాటలు తగ్గాయి. ఇక్కడిదాకా రావడమే ఎక్కువ, ఇది మనకి వచ్చే చదువు కాదు అని మాలో ఒకరు ఊరికి పోవడానికి సిద్ధమయ్యారు. టీసీ తీసుకుని బీఈడీకో, ఊళ్లో వలంటీర్ పనికో పోదామని. ఇంట్లో ఫోన్ చేసి చెప్పేశారు కూడా.

ఆ రోజు ల్యాబ్ కోటు, లాకర్ తాళం అప్పజెప్పడానికి వచ్చి, పోయేముందు మన సీసా కడిగిపెట్టేసి పోతానని మూత తీశారు. తీసి అలాగే నిలబడిపోయారు. సీసాలోంచి తియ్యగా, సోంపుకి దగ్గరగా వాసన. హోటల్లో బిల్లుతో పాటు పెడతారే, అలాంటిది. తయారుచేసిన రోజు ఆ వాసన లేదు. మరి ఎక్కడ చూశాం? అనిసాల్డిహైడ్ సీసా తెరిచినప్పుడు. కెమికల్స్ ఇలా వాసన చూడటం మంచి అలవాటు కాదు, అందులోనూ అనిలిన్ జాతివి ఒంటికి మంచివి కావు, మీరు చేయొద్దు. మా అదృష్టం కొద్దీ ఆ రోజు అలా జరిగింది.

అంటే మేం పూర్తిగా వాడేసిన ఆల్డిహైడ్ మళ్లీ పుట్టింది. ఎలా? తయారీ సమీకరణాన్ని కుడి నుంచి ఎడమకి చదవండి. ఇమీన్‌కి నీళ్లు కలిస్తే ఆల్డిహైడ్, అమీన్. డీన్ స్టార్క్‌తో చుక్కచుక్కా బయటికి లాగిన నీళ్లు, కార్కు మూత సందులోంచి వానాకాలం గాలితో పాటు తిరిగి లోపలికి పోయాయి. పొడుగు బొంగు నడుం దగ్గర విరిగి మళ్లీ రెండు పొట్టి ముక్కలైంది. పొట్టి ముక్కలు వాటంగా ఉండవు, ఎటు పడితే అటు తిరిగి పక్క బొంగుల వాటం కూడా చెడగొడతాయి. అందుకే క్లియరింగ్ పాయింట్ పడింది, అందుకే రెండు మూడు డిగ్రీలు సాగింది. ఫ్లాస్కు మురికి కాదు.

వాసనని రికార్డులో రాయలేం కదా. రీసెర్చ్ చేసే ఒక అన్న దగ్గరికి పరిగెత్తాం. టీఎల్‌సీ వేసి చూపిస్తాం అంటే అన్న నవ్వి, "సిలికాకి ఆమ్ల గుణం ఉంటుంది తమ్ముడూ, మీ ఇమీన్ ఆ ప్లేటు మీదే విరిగిపోవచ్చు. నిన్న చేసిన శాంపిల్‌కి కూడా ఆల్డిహైడ్ మచ్చ వస్తే ఏం చెప్తావు?" అన్నాడు. వేసి చూస్తే నిజంగానే రెంటికీ వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, షిఫ్ బేస్ చేసేవాళ్లు టీఎల్‌సీ మచ్చ చూసి తొందరపడొద్దు. అన్నే ఐఆర్ తీయించాడు. కొత్త శాంపిల్‌లో 1625 దగ్గర ఇమీన్ పీక్ ఒక్కటే నిటారుగా ఉంది. పాతదాంట్లో దాని పక్కనే 1685 దగ్గర ఆల్డిహైడ్ కార్బనిల్ తల ఎత్తింది, 3400 చుట్టుపక్కల అమీన్‌కి చెందిన జంట గుర్తులు కూడా వచ్చాయి.

మేం అక్కడితో ఆగలేదు. ఇంకోసారి తయారుచేసి ఒకే బ్యాచ్‌ని మూడు చిన్న సీసాల్లో పోశాం. ఒకటి కాల్షియం క్లోరైడ్ పోసిన డెసికేటర్‌లో పెట్టాం. ఒకటి మామూలుగా కార్కు పెట్టి అలమరలో. ఒకటి మూత లేకుండా పల్చటి గుడ్డ కట్టి కిటికీ దగ్గర. మూడు సీసాలూ ఒకే సబ్బుతో, ఒకే చేత్తో కడిగినవే, ఆ మాట రికార్డులో కావాలనే రాశాం. మొదటి రోజు మూడూ 44. పన్నెండో రోజుకి డెసికేటర్‌ది 44, అలమరది 41, కిటికీది 37. ఊరికి పోదామనుకున్న మనిషే రోజూ పొద్దున్నే వచ్చి ఆ రీడింగులు రాశారు. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత అన్న చెప్పిన సంగతి వింటే మాకు నోట మాట రాలేదు. మా బల్ల మీద జరిగిందే 1970 ప్రాంతంలో ప్రపంచమంతా పడ్డ తిప్పలట. 1968లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ నుంచి జార్జ్ హైల్‌మైయర్ బృందం లిక్విడ్ క్రిస్టల్ డిస్‌ప్లే చూపించింది. 1970 చివర్లో స్విట్జర్లాండ్‌లో షాట్, హెల్‌ఫ్రిష్ మెలితిప్పిన నెమాటిక్ డిస్‌ప్లేకి పేటెంట్ దాఖలు చేశారు. పరికరం ఉంది, అందులో పోయడానికి నిలకడైన పదార్థం లేదు. షిఫ్ బేసులు మాకు చేసినట్టే వాళ్లకీ చేశాయి, తేమ తగిలితే విరిగాయి. వేరే రకాలు కొన్ని వెలుగుకి రంగు మారాయి, కొన్నిటికే రంగు ఎక్కువ.

దారి చూపించింది ఇంగ్లండ్‌లో హల్ అనే ఊళ్లో ఉన్న యూనివర్సిటీ. పెద్ద పేరున్నది కాదు. అక్కడ జార్జ్ గ్రే ఈ పదార్థాల మీద ఇరవై ఏళ్లకి పైగా పనిచేస్తున్నాడు, 1962లో వీటి అణు నిర్మాణం మీద పుస్తకం కూడా రాశాడు. ఆయనా, హారిసన్, నాష్ కలిసి పట్టుకున్న ఉపాయం ఎంత చిన్నదో చూడండి. విరుగుతున్నది మధ్య బంధమే కదా, ఆ బంధమే లేకుండా రెండు రింగుల్నీ నేరుగా అతికించేస్తే? అదే బైఫినైల్. ఒక కొసన ఐదు కార్బన్ల తోక, రెండో కొసన సయనో. పేరు 5సీబీ, 1973లో ప్రకటించారు. దాదాపు 24 డిగ్రీల నుంచి 35 వరకు నెమాటిక్, రంగు లేదు, నీళ్లకి విరగదు. తయారీ దారిలో ఫ్రీడెల్ క్రాఫ్ట్స్ ఉంది, కీటోన్ రిడక్షన్ ఉంది, బ్రోమిన్ ఉన్న చోట కాపర్ సయనైడ్‌తో సయనో పెట్టడం ఉంది. అన్నీ మనం పరీక్షకి బట్టీ పట్టేవే!

సయనో ఎందుకంటే, దాని డైపోల్ అణువు పొడుగునా ఉంటుంది. కరెంటు ఇస్తే అణువు ఆ దిక్కుకి లేచి నిలబడుతుంది. మా ఎంబీబీఏ అలా కాదు, కరెంటు దిక్కుకి అడ్డంగా పడుకుంటుంది. మెలి డిస్‌ప్లేకి నిలబడేదే కావాలి. రెండు గాజు పలకలు, మధ్యలో కొద్ది మైక్రాన్ల సందు, పై పలక దగ్గర అణువులు ఒక దిక్కు, కింద పలక దగ్గర దానికి అడ్డదిక్కు, మధ్యలో మెట్లమెట్లుగా మెలి. వెలుగు ఆ మెలి వెంబడి తిరిగి రెండో పోలరైజర్ దాటి బయటికొస్తుంది. కరెంటు ఇస్తే అణువులు నిలబడతాయి, మెలి పోతుంది, వెలుగు ఆగిపోతుంది, ఆ చోట నల్లగా అంకె కనిపిస్తుంది. క్యాలిక్యులేటర్ అంటే అంతే.

5సీబీ ఒక్కటే అయితే సరిపోదు. 24కి కింద గడ్డకడుతుంది. చలికాలం లంబసింగిలో ఆ గడియారం ఆగినట్టే కనిపిస్తుంది, ఎండాకాలం 35 దాటితే స్క్రీన్ మొత్తం పోతుంది. తోక పొడుగు మారిస్తే? ఇక్కడ ఒక తమాషా ఉంది. ఐదు కార్బన్లకి 35, ఆరింటికి 29, ఏడింటికి 42 పైన. బేసి అయితే పైకి, సరి అయితే కిందికి. తోకలో చివరి కార్బన్ అణువు వాటంలో ఉంటే క్రమానికి సాయం, పక్కకి వంగితే చేటు. ఈ బేసి సరి సంగతి మాకు ఎంత నచ్చిందో చెప్పలేం, చార్టు గీసి హాస్టల్ గోడకి అంటించాం. చివరికి వాళ్లు చేసింది నాలుగు పదార్థాలు కలపడం. 5సీబీ సగం, మిగతాది ఏడు కార్బన్ల తమ్ముడు, ఎనిమిది కార్బన్ల ఆక్సీ రకం, కొంచెం మూడు రింగుల పదార్థం. దాని పేరు ఇ7. కలిపితే కరిగే వేడి దిగింది, తేటపడే వేడి 60 దగ్గరికి ఎక్కింది. సున్నాకి కింద పది డిగ్రీల దగ్గర కూడా పనిచేసింది.

వైవాకి ముందు ఒక కోరిక మిగిలిపోయింది. నెమాటిక్ అన్న పేరు దేన్ని చూసి పెట్టారో ఆ దారాలు చూడాలి. మా డిపార్ట్‌మెంట్‌లో పోలరైజింగ్ మైక్రోస్కోప్ లేదు. జియాలజీ వాళ్ల దగ్గర రాళ్ల పలుచటి ముక్కలు చూసేది ఉంటుందని అక్కడి అటెండర్ బాబాయ్‌ని బతిమాలాం. మధ్యాహ్నం భోజనాల టైములో పది నిమిషాలు ఇచ్చాడు. డెసికేటర్ సీసాలోంచి చుక్క వేసి కంటిదగ్గర పెట్టుకుంటే నల్లటి కుంచె గీతలు పాముల్లా కదులుతున్నాయి, మధ్యమధ్యలో సన్నటి పోగులు వణుకుతున్నాయి. గ్లాసులో వేడినీళ్లు తెచ్చి స్లైడ్ ముంచి తీసి పెడితే అంతా చీకటి. చల్లారేకొద్దీ చీకట్లో గుండ్రటి చుక్కలు పుట్టి, పెరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మళ్లీ దారాలు. బాబాయ్ కూడా చూశాడు. పది నిమిషాలు గంటైంది.

వైవాలో బయటి నుంచి వచ్చిన మేడం అడిగిన మొదటి ప్రశ్న, "మీ క్లియరింగ్ పాయింట్ మూడు చోట్ల మూడు రకాలుగా ఉందేంటి?" అని. మేం మూడు సీసాలూ బల్ల మీద పెట్టాం. ఇంగ్లీషు తడబడింది, మధ్యలో తెలుగులోకి దిగిపోయాం, మేడం ఏమీ అనలేదు. అరగంట పట్టింది. ఐఆర్ కాగితం చేతికి తీసుకుని 1685 దగ్గర తనే పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టింది. మార్కులు బాగానే వచ్చాయి. ఆ మాట అన్న పెద్దాయన మాతో దాని గురించి మళ్లీ మాట్లాడలేదు, క్షమించమనీ అనలేదు. తర్వాత సంవత్సరం జూనియర్లకి ఇచ్చే కాగితంలో మాత్రం "శాంపిల్ డెసికేటర్‌లో ఉంచవలెను" అని ఒక లైను చేరిందని విన్నాం.

ఇంట్లో పాడైపోయిన క్యాలిక్యులేటర్ ఉంటే పారెయ్యకండి. స్క్రీన్ మీద, కింద అంటించి ఉండే పల్చటి ఫిల్ములే పోలరైజర్లు, మెల్లగా ఊడతీస్తే వస్తాయి. గాజు పగలకుండా చూసుకోండి. రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి తిప్పితే ఒకచోట వెలుగు, ఒకచోట చీకటి. మాకు మైక్రోస్కోప్ దొరక్కముందు వాటితోనే ఫోన్ లైటు వేసుకుని చూశాం.

కిటికీ దగ్గర పెట్టిన మూడో సీసా ఇప్పటికీ మా దగ్గరుంది. మొన్న తీసి చూస్తే గోధుమరంగు తిరిగి, గది వేడికే పూర్తిగా తేటగా ఉంది. చల్లటి నీళ్లలో పెట్టి చూశాం, మసక రాలేదు. మూత తీయకుండానే సోంపు వాసన వస్తోంది.